వంద వాట్ల బల్బుకు తెలుగు రాదు

1992లో, వానలు వెనకబట్టే వేళకు, నన్ను నారాయణఖేడ్‌కు వేశారు. హోదా ప్రోగ్రామర్. మా కంపెనీలో నిచ్చెన ఇలా ఉండేది: అన్నిటికంటే కింద డేటా ఎంట్రీ ఆపరేటర్, దాని మీద ప్రోగ్రామర్, ఆ పైన సీనియర్ ప్రోగ్రామర్, అందరి నెత్తి మీద సిస్టమ్స్ మేనేజర్. ఆడవాళ్ళు రెండో మెట్టు మీద చాలాకాలం నిలబడేవాళ్ళు. ఎందుకని అడిగితే పైన ఖాళీల్లేవనేవాళ్ళు. నా తర్వాత చేరిన మగవాళ్ళకు ఆ ఖాళీలు ఎట్లా కనబడ్డాయని నేను మీటింగులోనే అడిగాను. నెల తిరగకముందే నారాయణఖేడ్ ఆర్డరు వచ్చింది. ఆ రెంటికీ సంబంధం లేదని ఆర్డరు ఇచ్చినాయన చెప్పాడు. నేను నమ్మలేదు, ఆయన కూడా నమ్మినట్టు కనబడలేదు.

పని మార్కెట్ యార్డులో. కంగ్టి నుంచి, నాగల్‌గిద్ద నుంచి, బోరంచ నుంచి కందులు వచ్చేవి. కాంటా అయ్యాక రైతుకు ఒక రసీదు ఇవ్వాలి: పేరు, ఊరు, సరుకు రకం, తేమ ఎంత, తూకం ఎంత. అంతకుముందు గుమాస్తా దాన్ని చేత్తో తెలుగులో రాసేవాడు. మేం వచ్చి కంప్యూటర్ పెట్టి, అదే రసీదును ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కొట్టి ఇవ్వడం మొదలుపెట్టాం. ఆ మెషిన్‌కు అంతకంటే రాదని మా వాళ్ళ మాట.

మొదటి సీజనంతా నేను కౌంటర్ వెనక కూర్చుని చూశాను. రైతు రసీదు అందుకునేవాడు. ఇటు తిప్పేవాడు, అటు తిప్పేవాడు. తర్వాత గేటు బయట చాయ్ హోటల్లో ఎవరినో పట్టుకుని చదివించుకునేవాడు. ఆ చదివేవాడు తేమ ఎక్కువ చెప్పాడా, తూకం తక్కువ చెప్పాడా, ఎవరికి తెలుసు? కిందటేడు తన రసీదు తానే చదువుకున్న మనిషి, కంప్యూటర్ వచ్చాక చదువురానివాడయ్యాడు. దీన్ని మేం ఆధునికీకరణ అని పిలిచాం.

నేను మేనేజర్‌తో ఈ సంగతి ఎత్తాను. ఆయన హైదరాబాద్‌లో ఉండేవాడు, నెలకోసారి జీపులో వచ్చేవాడు. మర్యాదస్తుడు. నన్ను "అమ్మా" అనకుండా ఒక్క మాటా కొట్టిపారేసేవాడు కాదు.

"తెలుగు రావాలంటే తెలుగు కార్డు కావాలమ్మా," అన్నాడు. కార్డంటే మెషిన్ లోపల దిగేసే అదనపు బోర్డు. అది ఖరీదైంది. కొనాలని ప్రతిపాదన పంపారు. ప్రతిపాదన అంటే మా భాషలో అటక.

"ప్రింటర్ కొట్టేది చుక్కలు సార్," అన్నాను. "చుక్కకు భాష లేదు. ఎక్కడ కొట్టాలో ప్రోగ్రామ్ చెప్తే చాలు. కార్డు ఎందుకు?"

"అయితే చేసి చూపించండి. ఇంట్లో చేసుకోండి. యార్డు మెషిన్ మాత్రం ముట్టుకోవద్దు."

ఇంట్లో కంప్యూటర్ ఎవరికి ఉంటుందని ఆయన ధీమా. నాకుంది.

అప్పట్లో తయారు కంప్యూటర్ కొనే స్తోమత ప్రోగ్రామర్ జీతానికి లేదు. విడిభాగాలు కొనొచ్చు. హైదరాబాద్ పోయినప్పుడల్లా కోఠీలో ఒక్కొక్కటి తెచ్చాను. ముందు పాత మదర్‌బోర్డు, తర్వాత ఫ్లాపీ డ్రైవు, ఆ తర్వాత పచ్చక్షరాల మానిటర్. మానిటర్‌ను దుప్పట్లో చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. అది టీవీ అనుకుని పక్కన కూర్చున్నామె జోగిపేట దాకా, ఇందులో ఏ సినిమాలు వస్తాయని అడుగుతూనే ఉంది. ప్రింటర్ మాత్రం మా కంపెనీ పాత సామాను అమ్మేసినప్పుడు వేలంలో పాడుకున్నాను. తొమ్మిది సూదుల డాట్ మ్యాట్రిక్స్. దాని తల అటూ ఇటూ ఉరుకుతూ, సూదులతో రిబ్బను మీద పొడిచి చుక్కలు పెడుతుంది. అక్షరాలన్నీ ఆ చుక్కలే.

వీటన్నిటికీ క్యాబినెట్ కావాలి. నేను హాస్టల్ నాటి నా రేకు ట్రంకుపెట్టె తీసుకుని వెల్డింగ్ షాపుకు పోయాను. ఫ్యానుకు ఒక రంధ్రం, తీగలకు ఒకటి, ఫ్లాపీకి ఒక సందు కోయించాను. షాపు ఆయన, "మేడం, ఇంత మంచి పెట్టె ఖరాబ్ చేస్తున్నరు," అని బాధపడ్డాడు. ఆ పెట్టెకు మూత తీస్తే కంప్యూటర్, వేస్తే టిఫిన్ తినే బల్ల. తర్వాత నేను చాలా ఖరీదైన మెషిన్ల మీద పనిచేశాను. దేని మీదా టిఫిన్ పెట్టుకోనివ్వలేదు.

మా ఇంటి ఓనరమ్మ సునందమ్మ. మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదివిన మనిషి. రెండెకరాల చేను, రెండు గేదెలు, ఊరందరి మీద ఒక అభిప్రాయం ఉన్నాయి. ముందు భాగం నాకు కిరాయికిచ్చి వెనక ఉండేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది. వయసు తేడా చూస్తే ఎవరో ఒకరి లెక్క తప్పు. ఇద్దరం మార్చుకోలేదు.

1993 ఎండాకాలమంతా నేను గళ్ళ కాగితం మీద అక్షరాలు గీశాను. తొమ్మిది సూదుల ఎత్తులో ఇంగ్లీషు అక్షరం పడుతుంది, తెలుగుది పట్టదు. పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు. కాబట్టి ఒక తెలుగు వరుసను మూడు పొరలుగా కోశాను. ప్రింటర్ తల మొదటిసారి పై పొర కొట్టాలి, కాగితం అంత మేరకే జరగాలి, రెండోసారి నడిమి పొర, మూడోసారి ఒత్తులు. కాగితం పిసరంత ఎక్కువ జరిగితే అక్షరం నడుముకు తెగుతుంది. నా పరీక్ష మాట "నాగల్‌గిద్ద". ద కింద ఒత్తు అతుక్కుందంటే మిగతావి అతుక్కున్నట్టే. వానలు పడే నాటికి అది అతుక్కుంది. ఆ కాగితం పట్టుకుని నేను గదిలో ఒక్కదాన్నే నడిచాను. ఎవరికైనా చూపించాలి కదా. సునందమ్మకు చూపించాను.

కాగితం చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చదివింది. "నాగల్‌గిద్ద. అయితే ఏంది? ఆ ఊరికి బస్సే సక్కగ లేదు," అంది.

మేనేజర్‌కు కబురు పెట్టాను. ఆయన దసరా దాటాక వచ్చాడు. ఈలోపు సునందమ్మ బిడ్డ పెళ్ళయింది. వాకిట్లో షాబాద్ బండలు పరిచారు, వంద మంది కూర్చుని తిన్నారు, ఇల్లు కళకళలాడింది. నేనూ వడ్డించాను. ఆ సందడిలో వారం పది రోజులు పెట్టె మూత తియ్యలేదు. నా ప్రోగ్రామ్ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. నేను రసీదు కొట్టమని మీట నొక్కాను. ప్రింటర్ తల పై పొర సగం దాకా ఉరికింది. స్టెబిలైజర్ టకటకమంది. మానిటర్ నల్లబడింది. కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ మొదటినుంచి లేచి, ఏమీ ఎరగనట్టు మెమరీ లెక్కపెట్టుకోసాగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అంతే.

ఆయన మర్యాదగా చాయ్ తాగాడు. "ఇంగ్లీషులో కొట్టి చూడండమ్మా," అన్నాడు. కొట్టాను. నాలుగు లైన్లు శుభ్రంగా వచ్చాయి.

"చూశారా. ప్రింటర్ బాగుంది, మెషిన్ బాగుంది. తెలుగు కొట్టేసరికి పడిపోతోంది. తప్పు మీ ప్రోగ్రామ్‌లోనే ఉంది."

"మొన్నటిదాకా ఇదే ప్రోగ్రామ్ నడిచింది సార్."

"ప్రోగ్రామ్‌లలో దాక్కున్న తప్పులుంటాయమ్మా."

ఆ మాట నిజమే, అందుకే మండింది. పోతూ ఆయన చెప్పింది ఇదీ: వచ్చే సోమవారం మార్కెట్ కార్యదర్శిని తీసుకొస్తాడు. ఆయన ముందు నడిస్తే ఈ కందుల సీజన్ నుంచి రసీదులు తెలుగులో. నడవకపోతే ఇంగ్లీషే ఖాయం చేసి సంతకాలు పెడతారు, కార్డు సంగతి కూడా ముగిసినట్టే. నన్ను వెనక్కి పిలిచి డేటా ఎంట్రీ హాలు మీద సూపర్‌వైజర్‌గా వేస్తారు. దాన్ని ఆయన ప్రమోషన్‌లాగా చెప్పాడు. ఆపరేటర్లు ఎప్పుడు లేచారో ఎప్పుడు కూర్చున్నారో చూసే పని అది. ఆ హాల్లోకి పోయిన ప్రోగ్రామర్ మళ్ళీ ప్రోగ్రామ్ రాయగా నేను చూడలేదు.

నేను ప్రోగ్రామ్‌ను మొదటి లైను నుంచి చివరి దాకా చదివాను. తప్పు లేదు. ఇది గర్వం కాదు, వెతకడం నాకు వచ్చు. అప్పుడు ఎదురు వాదన మొదలుపెట్టాను. నా ప్రోగ్రామ్ తప్పయితే, అది లేనప్పుడు మెషిన్ పడిపోకూడదు. కాబట్టి దాన్ని తీసేసి, ఇంగ్లీషులోనే, సూదులన్నీ ఒక్కసారి పొడిచేటట్టు ఒక పేజీ నిండా నల్లని గళ్ళు కొట్టించాను. మూడో వరుసలో పడిపోయింది. మేనేజర్ చూసిన ఇంగ్లీషు నాలుగు లైన్లే, తేలికైనవి. తెలుగు ప్రతి వరుసకూ మూడుసార్లు ఉరుకుతుంది, బరువైన పని. తేడా భాషలో లేదు, బరువులో ఉంది.

ఇంకో మెట్టు దిగాను. ప్రింటర్‌నే పీకేశాను. దాని ప్లగ్గు జాగలో వంద వాట్ల బల్బు పెట్టాను. ఆ పక్కన పెట్టె ఊరికే నడుస్తోంది, ఏ ప్రోగ్రామూ లేకుండా. బల్బు స్విచ్ వేశాను. స్టెబిలైజర్ టకటకమంది, మానిటర్ నల్లబడింది, పెట్టె మళ్ళీ మొదటినుంచి లేచింది.

వంద వాట్ల బల్బుకు తెలుగు రాదు. ఒత్తులు అసలే రావు. నా ప్రోగ్రామ్ నిర్దోషి అని అక్కడికక్కడే తీర్పు చెప్పుకుని, బల్బు ఆర్పకుండానే లేచి నిలబడ్డాను. సంతోషంతో పెట్టె అంచు పట్టుకున్నాను. చెయ్యి జివ్వుమంది.

పట్టుకుంటే చీమలు పాకినట్టుండటం ఆ నాటి మెషిన్లన్నిటికీ మామూలే. కానీ ఇది చీమ కాదు, తేలు. ఆలోచిస్తూ వెనక్కి పోయాను. సునందమ్మ బియ్యం చెరుగుతోంది.

"అక్కా, నీ లైట్లెట్లున్నయి?"

"నువ్వే అడుగుతున్నవా? నీ పెట్టె వచ్చినంక నా లైట్లు గుడ్డివైనయి. మొన్న పెండ్లి దాంక ట్యూబ్‌లైట్ టక్కున పట్టేది. ఇప్పుడు పట్టనీకి నేను రెండు పనులు చేసుకుని రావాలె."

"నా పెట్టె వచ్చి ఏడాది కావొస్తున్నది. పెండ్లి అయ్యి పదిహేను దినాలైంది. నువ్వే లెక్క చెయ్యి."

"నాకు లెక్కలు చెప్పకు. పెండ్లి చేసుకుంటే లైట్లు గుడ్డివైతయా? అట్లయితే ఊరంత చీకటే ఉండాలె."

పెళ్ళికి లైట్లు గుడ్డివి కావు. కానీ పెళ్ళికి ఇంట్లో ఏం మారింది? బండలు. నేను మీటర్ బోర్డు దగ్గరికి పోయి దాని కింది నుంచి దిగిన తీగ వెంట నడిచాను. అది గోడ దిగి, సరిగ్గా కొత్త బండల కిందికి పోయింది.

ఇక్కడ కొంచెం వివరించాలి. కరెంటు రావడానికి ఒక తీగ, తిరిగి పోవడానికి ఒక తీగ కావాలి. వచ్చేది ఫేజు, పోయేది న్యూట్రల్. మా ఇంటి న్యూట్రల్ స్తంభం దగ్గర ఏనాడో తెగిపోయి ఉంది. అది అతికించడానికి లైన్‌మన్ కోసం తిరగడం ఎందుకని, ఏ వైరింగ్ మేస్త్రీయో ఆ కొసను వాకిట్లో ఎర్తు గుంతలోని ఇనుప పైపుకు చుట్టి పోయాడు. అంటే కరెంటు స్తంభం నుంచి వచ్చి, భూమిలో నుంచి వాపసు పోతోంది. ఆ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో ఇదే తరీఖా. తప్పు పద్ధతి, ప్రమాదం కూడా. కానీ మట్టి తడిగా ఉన్నన్నాళ్ళు నడుస్తుంది. జహీరాబాద్‌లో మా నాయనమ్మ బల్బు ఎర్రబడితే ఒక చెంబు తీసుకుపోయి ఎర్తు గుంతలో పోసేది. అదేంటని నేనెప్పుడూ అడగలేదు. పెద్దవాళ్ళు మొక్కకు పోసినట్టే పోసేవాళ్ళు.

సునందమ్మ ఇంట్లో ఎవరూ పొయ్యక్కర్లేకపోయింది. గిన్నెలు తోమే జాలారు ఆ గుంత పక్కనే ఉండేది. పొద్దున, సాయంత్రం తోమిన నీళ్ళన్నీ గుంతలోకే. పెళ్ళికి జాలారును గేదెల కొట్టం వైపుకు మార్చి, గుంత మీద బండ పరిచి, సందుల్లో సిమెంటు పూసేశారు. వానలు కూడా ఆగాయి. గుంత ఎండింది, మట్టి బిగిసింది, కరెంటుకు వాపసు దారి ఇరుకైంది. పెట్టె, మానిటర్ ఎట్లాగో నడిచేంత దారి ఉంది. దాని మీద ప్రింటరో బల్బో కలిస్తే చాలదు. పోలేని కరెంటు ఎర్తు తీగలో నిలిచి నా పెట్టె రేకులోకి ఎక్కింది. తేలు అదే.

"అక్కా, గా బండ లేపాలె," అన్నాను.

"ఏ బండ?"

"మీటర్ కిందిది."

"నీకేమన్న అయిందా బిడ్డా? అల్లుని కాళ్ళు పడి నెల కాలేదు. పగిలితే? షాబాద్ బండ. చెట్టుకు కాస్తదా?"

లైన్‌మన్ వచ్చి న్యూట్రల్ కలిపితే బండ లేపే పనే లేదు. కబురు పంపాను. ఆయన నాగల్‌గిద్ద వైపు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అక్కడున్నాడు. సోమవారం లోపల రాడు. కాబట్టి బండ లేవాలి, అది సునందమ్మ ఒప్పుకుంటేనే. ఆమెతో నేను రెండు పూటలు వాదించాను. ఆ కాలంలో నేను వాదించి ఓడిపోయింది ఆమె దగ్గరే. చివరికి వాదన మానేసి, చూపించాను. బల్బు వెలిగించి గుమ్మంలో వేలాడదీశాను. అది ఎర్రగా, జబ్బు మనిషి కన్నులా ఉంది. సిమెంటు సందును సుత్తి మొనతో కొద్దిగా గీకి, కాళ్ళకు రబ్బరు చెప్పులు తొడుక్కుని, దూరం నుంచి బిందె వంచాను. నీళ్ళు ఇంకిపోయాయి. ఇంకో బిందె. బల్బు పసుపై, తెల్లబడింది.

సునందమ్మ బల్బును చూసింది, బిందెను చూసింది, బండను చూసింది.

"జాలారు నీళ్ళు," అంది నెమ్మదిగా. "అన్నీ గా గుంతలకే పోతుండె." బిందె నా చేతిలోంచి తీసుకుని, "లేపు. పలుగు కొట్టంల ఉంది. కొస పగలగొట్టినవంటే మాత్రం ఇగ నీతోని మాట్లాడ," అంది.

మెయిన్ ఆర్పేసి బండ లేపాం. కొస పగల్లేదు. గుంతలో ఉప్పు, బొగ్గు వేసి తడిపాం. ఉప్పు, బొగ్గు తడిని పట్టి ఉంచుతాయి. నెల రోజుల బిగువు ఒక్కరోజులో పోదు. ప్రింటర్ నడిచినంతసేపూ నీళ్ళు పడుతూనే ఉండాలి.

సోమవారం మేనేజర్, కార్యదర్శి వచ్చారు. కార్యదర్శి బీదర్ వైపు మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, తక్కువ మాటలు. నేను ముందే చెప్పాను, నేను కొట్టాలనుకున్నది కాదు, మీరు అడిగింది కొడతానని. ఆయన పేర్లు చెప్తుంటే నేను ఎక్కించాను. మొదటి రసీదు వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది నడుస్తుండగా గదిలో బల్బు ఎర్రబడటం మొదలైంది, స్టెబిలైజర్ ఒకసారి టక్కుమంది.

నేను కిటికీలో నుంచి, "అక్కా, నీళ్ళు," అన్నాను.

"పోస్తున్న, పోస్తున్న. మీ కంపూటర్‌కు బర్రె కంటె దూప ఎక్కువ," అని బయటినుంచి జవాబు. బిందె వంగిన చప్పుడు. బల్బు తెల్లబడింది. ప్రింటర్ ఒత్తుల పొర పూర్తిచేసి ఆగింది.

మేనేజర్ బల్బును, కిటికీని, నన్ను వరుసగా చూశాడు. "ఏమిటమ్మా ఇది?"

"దాక్కున్న తప్పు సార్," అన్నాను. "బండ కింద దాక్కుంది."

కార్యదర్శి నవ్వలేదు. నేను మొత్తం చెప్పాను: నల్ల గళ్ళు, బల్బు, జాలారు. ఆయన మధ్యలో ఒకే ప్రశ్న అడిగాడు, యార్డులో ఎర్తు ఎట్లా ఉందని. తనిఖీ చేశాను, న్యూట్రల్ సరిగ్గా ఉంది, అక్కడ నీళ్ళు అక్కర్లేదన్నాను. అప్పటికి సునందమ్మ బిందె చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కార్యదర్శి మూడో రసీదు చింపి, నాకూ మేనేజర్‌కూ కాదు, ఆమెకిచ్చాడు. "చదువమ్మా," అన్నాడు.

ఆమె తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, కాగితం దూరంగా పట్టింది. పేరు చదివింది. "నాగల్‌గిద్ద," చదివింది. కందులు, తేమ, తూకం, ఒక్కొక్కటి చదివింది. అయిపోయాక మళ్ళీ పైకి పోయి వెతికింది.

"ద కింద ఒత్తు జర వంకరుంది," అంది.

"వంకరున్నా చదివినవు కదా," అన్నాడు కార్యదర్శి. మేనేజర్ వైపు తిరిగి, "ఈ సీజన్ నుంచి ఇదే పెట్టండి. కార్డు ప్రతిపాదన వాపసు తీసుకోండి," అన్నాడు.

మేనేజర్ మర్యాదస్తుడని ముందే చెప్పాను. పోతూ ఒక మాటన్నాడు. "మీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదమ్మా."

"తెలుసు సార్," అన్నాను.

మరుసటి వారం లైన్‌మన్ వచ్చి న్యూట్రల్ కలిపాడు, బండ మళ్ళీ పరిచాం. సంక్రాంతి నాటికి యార్డులో రసీదులు తెలుగులో వచ్చాయి. చాయ్ హోటల్లో చదివేవాళ్ళకు గిరాకీ తగ్గింది. వాళ్ళు నా మీద కోపంగా ఉన్నారని విన్నాను. బాగానే అనిపించింది. ఒత్తు వంకరను నేను ఆ వేసవిలో సరిచేశాను. సునందమ్మ ఒప్పుకున్నదాకా సరిచేశాను. డేటా ఎంట్రీ హాలుకు పోలేదు. మరుసటేడు పై మెట్టు మీద ఒక ఖాళీ కనబడింది.

ఈ మధ్యనే, రిటైరయ్యే వయసు రాకముందే, స్వచ్ఛందంగా ఉద్యోగం నుంచి తప్పుకున్నాను. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన పిల్లలు నన్ను ఏం నేర్చుకున్నారని అడిగితే చెప్పేవి రెండు. నీ ప్రోగ్రామ్ మీద తప్పు మోపితే, ఏడవద్దు, ప్రమాణాలు చెయ్యొద్దు. ప్రోగ్రామ్‌ను తీసేసి అదే పని ఇంకోదానితో చేయించు. తప్పు అప్పుడూ వస్తే అది నీది కాదు. రాకపోతే నీదే, కూర్చుని దిద్దుకో. ఇక రెండోది, ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి కంప్యూటర్ హాల్లోనూ మెషిన్ కంటే ముందు ఎర్తు గుంత చూపించమన్నాను. అద్దాల గదుల వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వడం అయ్యేదాకా ఆగి, మళ్ళీ అడిగేదాన్ని. చూపించేవాళ్ళు. కొన్ని ఎండిపోయి ఉండేవి.